కోళ్లు చచ్చాయా అని ఒక్కరైనా అడిగారా?

2025 ఫిబ్రవరి మొదటి వారం. పొద్దున్నే మా ఊరి పంటకాలువ గట్టు మీద నడుస్తుంటే గుప్పున వాసన కొట్టింది. తూము దగ్గర మూడు దాణా సంచులు అడ్డం పడి ఉన్నాయి. మూతులు పురికొసతో బిగించి కట్టారు. ఒక సంచి పిగిలి తెల్లటి ఈకలూ, పసుప్పచ్చటి కాళ్లూ బయటికొచ్చాయి. ఒక కుక్క ఆ కాళ్లు పట్టుకుని గుంజుతోంది. అక్కడికి పది గజాల దిగువన రేవు. రేవులో ఒకావిడ అంట్లు తోముకుంటోంది. పక్కన చంటిపిల్ల నీళ్లలో కాళ్లు ఆడిస్తూ కూర్చుంది.

"ఏమ్మా, ఆ సంచులు చూశావా?" అన్నాను.

"నిన్నటి నుంచీ కొట్టుకొస్తానే ఉన్నాయండి మేస్టారూ. ఇక్కడ మూడే ఆగినాయి. పైనించి ఎన్ని ఎల్లిపోయినాయో!" అంది, చెంబు బోర్లించి నీళ్లు ఓడుస్తూ.

ఆమె గొంతులో భయం లేదు. భయపడాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

అదే వారంలో మా పక్కింటి మరదలి కోళ్లు పోయాయి. పదకొండు నాటుకోళ్లు, రెండే రోజుల్లో. మొదటి రోజు పొద్దున్న గంప ఎత్తేసరికి నాలుగు కాళ్లు బారజాపి పడున్నాయి. మిగిలినవి మెడలు వాల్చేసి గోడవార కునుకుతున్నాయి. తల మీద తురాయి నీలం తిరిగింది. "కొక్కెర తెగులే బావగారూ, ఏటా వచ్చేదే" అంది మరదలు. చచ్చినవాటిని చాటలో వేసుకుని వెళ్లి చెరువు గట్టు కింద పారేసింది. కాస్త నిలబడి ఉన్న పుంజుని ఆమె భర్త, మా తమ్ముడు కోశాడు. చచ్చాక పారేసేకంటే చావకముందే కోసుకుంటే కూరైనా మిగులుతుందని పల్లెల్లో ఒక లెక్క. లేనివాడి లెక్క అది, నేను తప్పు పట్టను. ఈకలు పీకాడు, మంట మీద కాల్చాడు, పసుపు రాశాడు, పొట్ట చీరి కందనకాయ తీసి కడిగాడు, ముక్కలు కొట్టాడు. అంతా ఉత్త చేతులతోనే. తమ్ముడు చేసేది ఊరి చివర లేయర్ల షెడ్డులో గుడ్లు ఏరే పని. ఆ షెడ్డులో అప్పటికే వారం నుంచీ రోజూ కోళ్లు రాలిపోతున్నాయి.

నాలుగో రోజు రాత్రి అతనికి చలితో జ్వరం మొదలైంది. తెల్లారేసరికి దగ్గు. ఊళ్లో ఆర్ఎంపీ సూది పొడిచి మాత్రలిచ్చాడు. రెండు రోజులు చూశాం. మూడో రోజు మెట్లు ఎక్కితే ఆయాసం. ఆటోలో టౌన్లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఐదు రోజులు ఉన్నాం. ఐదు రోజులూ నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. రక్తం మూడుసార్లు తీశారు. డెంగీ లేదు, మలేరియా లేదు, టైఫాయిడ్ మీద అనుమానం అన్నారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింద తెల్లగా మబ్బు పట్టినట్టుంది. సెలైన్లు, యాంటీబయాటిక్ సూదులు, ఆక్సిజన్. మరదలి మెళ్లో గొలుసు బ్యాంకుకి వెళ్లింది.

మంచం కాళ్ల వైపు అట్టకి తగిలించిన కేస్ షీటుని నేను చాలాసేపు చూశాను. వయసు రాశారు. బరువు రాశారు. బీపీ, షుగరు రాశారు. మందు తాగుతాడా, సిగరెట్టు కాలుస్తాడా అని అడిగి మరీ రాశారు. ఏం పని చేస్తాడు అన్న గడి ఖాళీగా ఉంది. ఐదు రోజుల్లో ఇద్దరు డాక్టర్లు, ఆరుగురు నర్సులు ఆ కాగితం ముట్టుకున్నారు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

నేనే ఆగలేక పెద్ద డాక్టరుగారితో చెప్పాను. "అయ్యా, వీళ్ళింట్లో కోళ్లన్నీ చచ్చిపోయాయండి. ఇతను కోళ్ల షెడ్డులో పని చేస్తాడు. అక్కడా చస్తున్నాయి."

ఆయన తల ఎత్తలేదు. "అవన్నీ టీవీ వార్తలు మేస్టారూ. మనుషులకి రావు" అన్నారు. తరవాతి మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

తమ్ముడు బతికాడు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకుంటాడు గానీ, బతికాడు. అతనికి వచ్చింది ఏమిటో మాకు తెలియదు. ఇక తెలియదు కూడా. మామూలు న్యుమోనియానే అయ్యుండొచ్చు, ప్రతి శీతకాలం వచ్చే ఫ్లూ అయినా అయ్యుండొచ్చు. ఆ మాట చెప్పడానికైనా ముక్కులో ఒక పుల్ల పెట్టి తీసి ల్యాబ్‌కి పంపాలి కదా! మూడుసార్లు రక్తం లాగిన చేతులకి ఆ ఒక్క పుల్ల బరువైపోయిందా?

నేను ఊరుకోలేదు. మనుషుల ఆరోగ్యం చూసే ఆఫీసుకి ఫోన్ చేశాను. "కోళ్ల సంగతి మాది కాదండీ, పశువుల డాక్టర్లకి చెప్పండి" అన్నారు. వాళ్లకి చేశాను. "కోళ్లయితే మేం చూస్తాం. మనిషికి జ్వరమంటే మాకేం సంబంధమండీ?" అన్నారు. పోనీ కోళ్లనైనా చూడండి అని వేడుకుంటే వచ్చారు, తొమ్మిదో రోజున. అప్పటికి మరదలి పెరట్లో ఈక కూడా మిగల్లేదు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఇద్దరూ నా పేరు రాసుకున్నారు. ఒకరు రాసుకున్నది మరొకరికి చెప్పలేదు. కోడి చస్తే ఒక శాఖ, మనిషి పడిపోతే ఇంకో శాఖ. కోడి నుంచి మనిషికి రోగం దాటే ఆ రెండు గజాల దూరం మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

ఆ ఫిబ్రవరి రెండో వారంలోనే భోపాల్‌లోని కేంద్ర పశువ్యాధుల ల్యాబ్ తేల్చి చెప్పింది. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలో చచ్చిన కోళ్లలో ఉన్నది బర్డ్ ఫ్లూ అని. కిలోమీటరు మేర ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టడం అప్పుడు మొదలయ్యాయి. అంతకు ఏడాది ముందు, 2024 ఫిబ్రవరిలో, నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో వచ్చింది ఇదే. 2015లో హైదరాబాద్ శివార్లలో వచ్చిందీ ఇదే. 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో దేశంలోకి మొదటిసారి అడుగు పెట్టిన దగ్గర నుంచి, శీతకాలం వస్తే ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంది. అంటే ఇది మనల్ని చెప్పకుండా ముంచిన వరద కాదు. ఇరవై ఏళ్ల పాత చుట్టం. అయినా వచ్చిన ప్రతిసారీ కొత్తగా చూసినట్టు కళ్లు తేలేస్తాం.

తరవాత ఏం జరిగిందో రాష్ట్రమంతా ఎరుగు. పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప జ్వరంతో, ఆయాసంతో మార్చి 4న మంగళగిరి ఎయిమ్స్‌లో చేరింది. మార్చి 16న చనిపోయింది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ అది బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 అని నిర్ధారించింది. సంగతి లోకానికి తెలిసేసరికి ఏప్రిల్ వచ్చింది. రాష్ట్రంలో బర్డ్ ఫ్లూతో నమోదైన మొదటి చావు ఆ పసిబిడ్డది.

ఆ వార్త వచ్చిన రోజు మనం ఏం చేశామో గుర్తుందా? తల్లిని నిలబెట్టి అడిగాం. ఇంట్లో కోడి కోస్తుంటే పాప పచ్చిముక్క నోట్లో పెట్టుకుందని కుటుంబం చెప్పిందని పత్రికల్లో వచ్చింది. అంతే. "పచ్చిముక్క ఎవరైనా పెడతారా?" అని టీ కొట్టు దగ్గర, బస్సులో, టీవీలో, అంతటా ఒకటే మాట. బిడ్డని పోగొట్టుకున్న ఇంటి మీద రాష్ట్రమంతా తీర్పు చెప్పింది. సర్కారు పెద్దలూ, ఆ తల్లికి మీరు ఏం చెప్పారు? ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి దాకా గొంతులు చించుకుని మీరు చెప్పిన మాట ఒక్కటే: "డెబ్బై డిగ్రీల్లో ఉడికించి తింటే ఏమీ కాదు."

ఆ మాట నిజమే. ఉడికించిన కూరలో వైరస్ బతకదు. కానీ ఆ మాట ఎవరి కోసం చెప్పిన మాట? కూర తినేవాడి కోసం. తినేవాడు భయపడి మానేస్తే ధర పడిపోతుంది కాబట్టి. కూర కుతకుతా ఉడికే దాకా ఆ కోడిని ముట్టుకునేవాళ్ల సంగతేమిటి? చికెన్ కొట్టులో గొంతు కోసి డ్రమ్ములో పడేసి, అది కొట్టుకోవడం ఆగాక వేడి వేడిగా తోలు ఒలిచే కుర్రాడి సంగతేమిటి? అతని ముంజేతుల దాకా నెత్తురు ఉంటుంది, నుదుటి చెమట ఆ చేత్తోనే తుడుచుకుంటాడు. ఇంటికి తెచ్చిన మాంసాన్ని మూడు నీళ్లు పోసి కడిగే ఇల్లాలి సంగతేమిటి? ఆ నీళ్ల తుంపర ఆమె ముఖం మీదే పడుతుంది. పక్కన కూర్చుని "నేనూ కడుగుతా" అని గిన్నెలో చేతులు పెట్టే పిల్లల సంగతేమిటి? బర్డ్ ఫ్లూ మనుషులకి అంటేది ఎక్కువగా అక్కడే, పచ్చి కోడి దగ్గర, జబ్బు కోడి దగ్గర, చచ్చిన కోడి దగ్గర, దాని రెట్ట ఎండి లేచే దుమ్ము దగ్గర. పొయ్యి మీద కాదు, పొయ్యి దాకా వచ్చే దారిలో.

ఆ దారి గురించి మా ఊరి దాకా ఒక్క మాట రాలేదు. చేతులు సబ్బుతో కడగమని, చచ్చిన కోడిని ఉత్త చేత్తో ఎత్తవద్దని, పిల్లల్ని దూరంగా ఉంచమని, కోసిన కత్తితోనే టమాటాలు తరగవద్దని చెప్పడానికి మైకు దొరకలేదు. చికెన్ మేళాలు పెట్టడానికి దొరికింది. టెంట్లు వేసి, వేయించిన చికెన్ ఉచితంగా పంచి, పెద్దమనుషులు కెమెరాల ముందు ముక్క నోట్లో పెట్టుకున్నారు. జనం బారులు తీరి నిలబడ్డారు. కోళ్ల రైతు నష్టపోతున్నాడు, నిజమే, అతని కోసం నేనూ ఏడుస్తాను. కానీ వ్యాపారానికి ధైర్యం చెప్పడానికి పెట్టిన ఖర్చులో పదో వంతు, ఆ మాంసం కడిగే ఆడవాళ్లకి జాగ్రత్త చెప్పడానికి పెట్టి ఉంటే! ఆ మాట పల్నాడులో ఆ ఇంటి గడప దాకా వెళ్లి ఉంటే!

రైతు సంగతి వచ్చింది కాబట్టి అతని వైపు నుంచి కూడా చెప్పాలి. జంతువుల అంటువ్యాధుల మీద 2009లో చట్టం వచ్చింది. తన దగ్గరున్న పశువుకో పక్షికో ఆ జాబితాలోని రోగం ఉందని అనుమానం వస్తే యజమాని గ్రామాధికారికో పంచాయతీకో చెప్పి తీరాలని అందులో ఉంది. బర్డ్ ఫ్లూ ఆ జాబితాలో ఉంది. కాగితం మీద అంతా సక్రమమే. ఇప్పుడు పదివేల కోళ్ల షెడ్డు ఉన్న రైతు స్థానంలో నిలబడండి. చెబితే మిగిలిన కోళ్లన్నిటినీ చంపేస్తారు. పరిహారం ఇచ్చేది అలా ప్రభుత్వం చంపిన కోళ్లకి. రోగంతో ముందే చచ్చినవాటికి పైసా రాదు. చుట్టుపక్కల పది కిలోమీటర్ల రైతులంతా "నువ్వు చెప్పబట్టే మాకీ గతి" అని అతని మీద పడతారు. దాణా కొట్లో అప్పు, బ్యాంకులో అప్పు, పిల్లల బడికి కట్టాల్సిన ఫీజు. చెప్పకపోతే? రాత్రికి రాత్రి సంచుల్లో కట్టి కాలువలోకి తోసేస్తే? అడిగేవాడే లేడు. నిజం చెప్పినవాడు మునిగి, దాచినవాడు గట్టెక్కే ఏర్పాటు చేసిపెట్టి, చట్టం చేశాం కదా అని చేతులు దులుపుకుంటారా? మొదటి కోడి చచ్చిన రోజునే ఫోన్ చేసిన రైతుకి, చచ్చినవాటితో సహా లెక్కకట్టి డబ్బు ఇవ్వండి. కాలువలోకి ఒక్క సంచి వస్తుందేమో చూద్దాం.

ఇక ఆ షెడ్లలో పనిచేసేవాళ్లు. మా వైపు షెడ్లలో ఒడిశా నుంచి, బీహార్ నుంచి, అస్సాం నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎక్కువ. షెడ్డు పక్కనే రేకుల గది, అందులోనే వంట, అందులోనే పడక. కొందరు భార్యాబిడ్డలతో ఉంటారు. మా ఊరి షెడ్డులో కోళ్లు రాలిపోయాక లెక్క చూసి పంపేశారు. సంచులు నెత్తిన పెట్టుకుని స్టేషన్ వైపు నడిచి వెళ్తుంటే చూశాను. ఒకడు ఆగి ఆగి దగ్గుతున్నాడు. జబ్బు కోళ్లని ముట్టుకున్నవాళ్లని పది రోజులు కనిపెట్టి చూడాలన్నది వైద్యులందరికీ తెలిసిన నియమం. కోళ్లని చంపడానికి వచ్చిన సర్కారు సిబ్బందికి తెల్ల సూట్లు తొడిగారు, ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చారు. అంతకు ముందు నెల్లాళ్లుగా అదే షెడ్డులో చచ్చిన కోళ్లని చేత్తో ఏరిన వాళ్లు ఏ రైలెక్కారో ఎవరికైనా తెలుసా?

"మనుషులకి రావు" అన్నారు ఆ డాక్టరుగారు. వస్తుంది. 2003 నుంచి లెక్క తీస్తే ప్రపంచంలో 900 మందికి పైగా హెచ్5ఎన్1 సోకినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర నమోదైంది. వాళ్లలో సగానికి దగ్గరగా చనిపోయారు. తేలిగ్గా వచ్చి పోయిన కేసులు లెక్కకి అందకపోవచ్చు, కాబట్టి అసలు ప్రమాదం అంత ఉండకపోవచ్చు. సరే. మరి ఆ తేలికపాటి కేసుల్ని లెక్కలోకి తెచ్చేది ఎవరు? మన దేశంలో మొదట నమోదైన హెచ్5ఎన్1 చావు హర్యానాకు చెందిన పదకొండేళ్ల బాలుడిది, 2021లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో. అంతకు పదిహేనేళ్ల ముందు నుంచి కోళ్లు చస్తున్నాయి. ఆ పదిహేనేళ్లూ ఒక్క మనిషికీ సోకలేదా? సోకలేదని ఎవరు చెప్పగలరు? చూసినవాళ్లు ఉంటే కదా చెప్పడానికి!

చూస్తే కనబడుతుందనడానికి సాక్ష్యం కావాలా? మహారాష్ట్ర మేల్ఘాట్ అడవుల్లో, కొర్కూ గిరిజన పల్లెల్లో, పసిపిల్లలు ఊపిరితిత్తుల జబ్బులతో ఎందుకు పోతున్నారో తెలుసుకుందామని ఒక బృందం ఇల్లిల్లూ తిరిగింది. 2019 ఫిబ్రవరిలో 17 నెలల బాబుకి జ్వరం వస్తే ముక్కులోంచి నమూనా తీసింది. పుణేలో పరీక్ష చేస్తే కోళ్లలో తిరిగే ఇంకో రకం బర్డ్ ఫ్లూ, హెచ్9ఎన్2. దేశంలో మనిషికి అది సోకినట్టు తెలియడం అదే మొదలు. బాబు కోలుకున్నాడు. పెద్ద పెద్ద ఆస్పత్రులున్న నగరాల్లో అప్పటిదాకా దొరకనిది, రోడ్డు సరిగ్గా లేని గిరిజన పల్లెలో దొరికింది. అక్కడ మాత్రమే ఉండి కాదు, అక్కడ ఎవరో వెతికారు కాబట్టి.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి పెట్టండి. 2024 ఫిబ్రవరిలో రెండున్నరేళ్ల పాప ఒకతి కుటుంబంతో కోల్‌కతా వచ్చి మార్చి 1న ఆస్ట్రేలియా తిరిగి వెళ్లింది. జబ్బు చేసి మర్నాడే ఆస్పత్రిలో చేరింది, మెల్‌బోర్న్‌లో ఐసీయూ దాకా వెళ్లి బతికి బయటపడింది. అక్కడి ల్యాబ్ పట్టుబట్టి చూస్తే హెచ్5ఎన్1. మన గడ్డ మీద అంటిన వైరస్‌ని దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్ల అవతలి ల్యాబ్ పట్టుకుంది. ఆ పాప కోల్‌కతాలోనే ఉండిపోయి ఉంటే? వైరల్ ఫీవర్ అని చీటీ రాసి ఇచ్చేవాళ్లం. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. సిగ్గుతో.

ఇన్ఫెక్షన్‌ని గుర్తుపట్టడమంటే ఏమిటో హాంకాంగ్ వాళ్లు 1997లో చూపించారు. ఆ ఏడాది మే నెలలో మూడేళ్ల బాబు చనిపోయాడు. గొంతులోంచి తీసిన నమూనాలో ఫ్లూ వైరస్ ఉంది, కానీ మనుషుల్లో తిరిగే రకాల్లో దేనికీ సరిపోలేదు. బిడ్డ ఎలాగూ పోయాడు కదా అని ఆ సీసాని పారేయలేదు. అమెరికాకి, నెదర్లాండ్స్‌కి, ఇంగ్లండ్‌కి పంపారు. కోళ్లకి తప్ప రాదనుకున్న హెచ్5ఎన్1 అని ఆగస్టులో తేలింది. సంవత్సరాంతానికి 18 మందికి సోకింది, ఆరుగురు చనిపోయారు. డిసెంబరు ఆఖరులో ఆ నగరంలోని కోళ్లన్నిటినీ, పదమూడు లక్షలకి పైగా, చంపేశారు. అక్కడితో ఆ ఉపద్రవం ఆగింది. చనిపోయిన ఒక్క బిడ్డ గొంతులోంచి తీసిన నాలుగు చుక్కల్ని ఎవరో వదలకపోవడం వల్ల.

బర్డ్ ఫ్లూ ఒక్కటే అనుకోవద్దు. చిలకలు, పావురాలు, బాతుల నుంచి వచ్చే ఒక రకం న్యుమోనియా ఉంది, చిలక జ్వరం అంటారు. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే వస్తుంది. దానికి డాక్సీసైక్లిన్ అనే చవక మాత్ర చాలు. పెన్సిలిన్ జాతి మందులు సీసాలకి సీసాలు ఎక్కించినా లాభం లేదు. ఇంట్లో పక్షులున్నాయా అని అడిగితేనే ఆ మాత్ర రాయాలని డాక్టరుకి తడుతుంది. మన రామచిలుకని పంజరంలో పెట్టడం చట్టప్రకారం నేరం కాబట్టి పెంచేవాళ్లు తమంతట తాము చెప్పరు, అడగాల్సిందే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఏసీ డబ్బాల వెనక పేరుకున్న పావురాల రెట్టలో పెరిగే ఒక బూజు, ఒంట్లో శక్తి తగ్గినవాళ్లకి మెదడు పొరల దాకా పోతుంది. కొంగల్లో ఉండే వైరస్ దోమకాటుతో మనిషికి చేరితే మెదడువాపు. వీటన్నిటికీ ఆస్పత్రిలో పెట్టే పేరు మొదట ఒకటే: జ్వరం.

ఇలా వెతికి పట్టుకోవడం మనకి చేతకాదా? పోలియోని ఎలా తరిమామో గుర్తు చేసుకోండి. పదిహేనేళ్ల లోపు పిల్లలకి కాలో చెయ్యో ఉన్నట్టుండి చచ్చుబడితే చాలు, పోలియోనో కాదో తరవాత సంగతి, వెంటనే చెప్పాలి, పద్నాలుగు రోజుల్లోపు రెండు మల నమూనాలు తీసి ల్యాబ్‌కి పంపాలి. ఏఎన్ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు, ఊరి ఆర్ఎంపీలు, ఆఖరికి పూజారులు, ముల్లాలు కూడా చెప్పారు. 2011 జనవరిలో హౌరాలో చివరి కేసు. 2014 మార్చిలో పోలియో లేని దేశమని పత్రం వచ్చింది. ఆ ఆశా కార్యకర్తలే ఇప్పుడూ ఉన్నారు. ఆ నడిచే కాళ్లే ఉన్నాయి. ఏ ఇంట్లో కోళ్లు చచ్చాయో, ఆ ఇంట్లో ఎవరికి దగ్గు ఉందో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. మా వీధి ఆశా అమ్మాయిని అడిగాను, "ఇలాంటివి రాసే గడి నీ ఫోన్లో ఉందా అమ్మా?" అని. "లేదండీ. చెప్పినా ఎవరికి చెప్పాలో మాకు చెప్పలేదండీ" అంది.

కొత్త రకం ఫ్లూ మనిషికి సోకిందని తేలితే 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెప్పాలని అంతర్జాతీయ నియమం ఉంది, దానికి మన దేశం ఒప్పుకుంది. ఢిల్లీ నుంచి జెనీవాకి 24 గంటలు. మా ఊరి ఆర్ఎంపీ మంచం నుంచి ఢిల్లీకి? దానికి గడువు ఎవరు పెట్టారు? తేలాక చెప్పడానికి తొందర ఉంది, తేల్చడానికి లేదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఓపీ చీటీ మీద ఒక్క గీత: గత పది రోజుల్లో జబ్బు చేసిన, చచ్చిన పక్షుల్ని ముట్టుకున్నారా? అవునని చెప్పినవాడికి న్యుమోనియా ఉంటే, ప్రైవేటైనా సర్కారైనా, ముక్కులోంచి నమూనా ఆ రోజే వెళ్లాలి. ఫలితం కోసం కూర్చోకుండా ఫ్లూ మందు మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ మందు మొదటి 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. పశువుల డాక్టరు ఒక ఊళ్లో కోళ్ల చావు రాసుకున్న సాయంత్రమే ఆ ఊరి పీహెచ్‌సీ డాక్టరు ఫోన్ మోగాలి. ఇందులో రాకెట్ సైన్స్ ఏముంది? కోట్ల బడ్జెట్ ఏముంది? ఇద్దరు ఉద్యోగులు ఒకరి నంబరు ఒకరు దగ్గర పెట్టుకోవాలి. అంతే. అది కూడా చేయరా? ఇంకో రెండేళ్ల పాప పోవాలా? అప్పుడు మళ్లీ ఆ తల్లిని నిలదీద్దామా?

ఏటా ఇదే వరస: సంక్రాంతి పందేలు అయిపోతాయి, కొల్లేటికి, పులికాట్‌కి వచ్చిన వలస పక్షులు ఇంకా ఉంటాయి, కోతకోసిన చేలల్లో బాతుల మందలు తిరుగుతుంటాయి. పందెం కోడి మొహం మీద నోటితో నీళ్లు ఊదేవాళ్లకీ, వేల బాతుల్ని కర్రతో మళ్లించే కాపరులకీ ఎవరూ ఏమీ చెప్పరు. పైకి ఏ జబ్బూ కనపడకుండానే బాతు ఈ వైరస్‌ని మోసుకు తిరగగలదని ఆ కాపరికి ఎవరు చెప్పాలి?

సర్కారు వినేదాకా ఆగలేం కాబట్టి, ఇది చదువుతున్న మిమ్మల్నే అడుగుతున్నాను. పెరట్లో కోళ్లు ఒకేసారి పడిపోతే కొక్కెర తెగులే కదా అని ఊరుకోకండి, కోసుకోకండి, కాలువలో వేయకండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962, దానికి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా పిల్లల్ని ఆ పెరట్లోకి పోనివ్వకండి. ఆ తరవాత పది రోజుల్లో ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా, కళ్లు ఎర్రబడినా ఆస్పత్రికి వెళ్లి, డాక్టరు అడిగేదాకా చూడకుండా మొట్టమొదట మీరే చెప్పండి: "మా ఇంట్లో కోళ్లు చచ్చిపోయాయండి." ఆయన తల ఎత్తకపోతే ఇంకోసారి చెప్పండి. చీటీ మీద ఆ మాట రాయించుకుని గానీ కుర్చీలోంచి లేవకండి.